అనుమతి ఉన్న మంట

పొగాకు ఎండబెట్టే నా బ్యారన్ నిప్పంటుకుని కాలిపోయిందని మా ఊళ్ళో అంటారు. కాగితాల్లో అలా లేదు. నన్నడిగితే అది కాలిపోయింది నిప్పు వల్ల కాదు, మా మండలాభివృద్ధి అధికారి దివి సుదర్శనరావు వల్ల. ఆయన పేరు ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసినా నాకేం బాధ లేదు, ఆ పేరు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆయన చెడ్డవాడని నేననను. లంచం ముట్టడు. టీ తాగినా డబ్బులిచ్చే తాగుతాడు. అదే నా ఖర్మ. ముట్టేవాడైతే ఆ రోజు చేతిలో అయిదొందలు పెట్టి నాలుగు బకెట్లు నీళ్ళు పోయించుకునేవాణ్ణి, నా బ్యారన్ ఇవాళ నిలబడి ఉండేది. నిజాయితీపరుడితో ఏం బేరమాడతాం?

నా పేరు చుండి మాలకొండయ్య. ఊరు వేములబండ. ఏడో తరగతి సగంలో బడి మానేశాను. అందుకే నాకు మంట మంటలాగే కనపడుద్ది. చదువుకున్నవాళ్ళకి ఇంకా చాలా రకాలుగా కనపడుద్దని నాకు కిందటేడు తెలిసింది.

కిందటేడు మార్చిలో పైనుంచి ఒక పథకం దిగింది. పేరు అగ్నిముక్త గ్రామం. మూడొందల అరవై అయిదు రోజులు ఒక్క అగ్నిప్రమాదం కూడా జరక్కుండా ఉన్న ఊరికి ఒక షీల్డు, ఒక సిమెంటు రోడ్డు ఇస్తారు. మండలానికి ఒక ఊరిని ఎంచుకోమన్నారు. సుదర్శనరావు ఏరికోరి మా ఊరిని ఎంచుకున్నాడు. ముప్పై ఏడు బ్యారన్లున్న ఊరు మాది. ఆకు ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఊరు చుట్టూ పొయ్యిలు మండుతూనే ఉంటాయి. చెరువు పక్కన ఏ నిప్పూ లేని ఊళ్ళు మండలంలో ఎనిమిది ఉన్నాయి. "సులువైనది సాధించడంలో ఘనత ఏముంది?" అన్నాడట.

బడి వరండాలో మీటింగు పెట్టాడు. చేతిలో ఉత్తర్వు పట్టుకుని చదివాడు.

"గ్రామస్థులారా, అగ్నిప్రమాదం అనగా నేమి? సదరు ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం, అనుమతి లేని స్థలమునందు గానీ, అనుమతి లేని వేళయందు గానీ, అనుమతి లేని పరిమాణమున గానీ వెలువడు మంటయే అగ్నిప్రమాదం."

మా పక్క పొలం చెంచురామయ్య మామ లేచాడు. ఆయనకి మీటింగుల్లో లేచి అడగటం సరదా. "మరి అనుమతి ఉంటే ఏందయ్యా అది?"

"అనుమతి ఉన్నచో అది ప్రమాదం కాదు. కార్యక్రమం."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. సిమెంటు రోడ్డు మా ఇంటి ముందు నుంచే పోతుందని చెప్పారు మరి.

మర్నాటి నుంచి మంట అనుమతి పత్రాలు వచ్చాయి. పసుపుపచ్చ కాగితం. మంట యజమాని పేరు, మంట స్థలం, మంట ఎత్తు. కింద మూడు గళ్ళు: ప్రారంభ దశ, వృద్ధి దశ, ముగింపు దశ. మంట ఎప్పుడు పుడుతుందో, ఎంతవరకు పెరుగుతుందో, ఎప్పుడు చస్తుందో ముందే రాసివ్వాలి. జాతకం రాసే సిద్ధాంతి కూడా చావు గడి ఖాళీగా వదిలేస్తాడు. వీళ్ళు వదల్లా.

టీ కొట్టు సుబ్బులు పొయ్యికి అడుగున్నర ఇచ్చారు. దోసె పెనం మీద నూనె ఎక్కువై మంట లేస్తే సవరణ పత్రం పెట్టుకోవాలి. ఆమె ఆ కాగితాన్ని ప్లాస్టిక్ తొడిగించి దేవుడి పటం పక్కన తగిలించింది. వీరభద్రుడి గుండానికి జానెడెత్తు నిప్పులకి అనుమతి వచ్చింది. పూజారి బడిపిల్లల స్కేలు పెట్టి కొలిచి, సరిపోయిందని అరిచాక భక్తులు తొక్కారు. ఈలోగా నిప్పులు చల్లారిపోయాయి. కాళ్ళు కాలలేదు కాబట్టి దేవుడికి మహిమ ఉందని తేలింది.

గోరంట్ల పెద్దిరెడ్డి వాళ్ళ నాయన పోయినప్పుడు కూడా ఫారం నింపారు. మండలాఫీసు గుమస్తా అడిగాడు, "చితి మంట ఎంత ఎత్తు లేస్తుంది?"

"నాకేం తెలుసయ్యా, మా నాయన చావటం ఇదే మొదలు," అన్నాడు పెద్దిరెడ్డి.

సగటున అయిదడుగులని రాశారు. మంట యజమాని పేరు దగ్గర పోయినాయన పేరు రాశారు. మూడో రోజు ముగింపు దశలో యజమాని సంతకం కావాలని కబురొచ్చింది. పెద్దిరెడ్డి బూడిద కుండ తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టి, "ఇదిగో, పెట్టించుకోండి," అని వచ్చాడు. దాని మీద సుదర్శనరావు పైకి రాసి వివరణ తెప్పించుకున్నాడు. ఇకపైన వారసులు పెట్టవచ్చునని వచ్చింది. ఆయన దేన్నీ సగంలో వదలడు.

ఊరి మొగదల ఒక బోర్డు పెట్టారు. 'అగ్నిముక్త గ్రామం దిశగా వేములబండ. నేటికి ఇన్ని రోజులు' అని. గుమస్తా రోజూ పొద్దున్నే వచ్చి సుద్దముక్కతో అంకె మార్చేవాడు. నూట పదో రోజున కోటిలింగం గొడ్లపాక అంటుకుంది. ఆరిపోయేలోపల అనుమతి వచ్చింది, 'పాత పాక తొలగింపు కార్యక్రమం' అని. మర్నాడు బోర్డు మీద నూట పదకొండు. ఊళ్ళో అందరం నవ్వుకున్నాం. అది కోటిలింగం పాక కాబట్టి నవ్వు బానే వచ్చింది.

ఇక నా సంగతి. ఆ రోజు బోర్డు మీద అంకె మూడొందల అరవై ఒకటి.

పొగాకు సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. పచ్చాకు కర్రలకి అల్లి, బ్యారన్‌లో అడుగు నుంచి కప్పు దాకా వరసలుగా వేలాడదీస్తాం. బయట పొయ్యిలో కట్టె మండుతుంది. ఆ వేడి ఇనప గొట్టాల్లో లోపలికి పోయి గది అడుగున తిరుగుతుంది. లోపల మంట ఉండదు, వేడే ఉంటుంది. అయిదారు రోజులకి ఆకు బంగారం రంగు తిరిగి ఎండుతుంది. నాలుగో రోజు జాగ్రత్తగా ఉండాలి. ఆకు గలగలలాడుతూ ఉంటుంది. ఒక్క ఆకు జారి కాలుతున్న గొట్టం మీద పడితే చాలు. అందుకే గొట్టాల మీద ఇనప వల పరుస్తాం. నా వలకి ఒక మూల చిరుగుంది. ఈ కోత అయ్యాక మారుద్దామనుకున్నాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. ఈ కథలో తప్పు ఒప్పుకున్నది నేనొక్కణ్ణే.

ఆ కోతలో ఏడొందల ఇరవై కర్రల ఆకు ఎక్కించాం. అల్లింది మా ఇంటామె తిరుపాలమ్మ, నలుగురు కూలీలని పెట్టుకుని, మూడు రోజులు. ఆ బ్యారన్ కూడా మేమిద్దరం పందొమ్మిదేళ్ళ కిందట ఇటుకలు మోసి కట్టుకున్నదే. మాకున్నది ఆ బ్యారన్, అది నిలబడ్డ పద్దెనిమిదిన్నర సెంట్ల దొడ్డి, అంతే. పొలం కౌలుది. కోత కోసినా కొనుక్కొచ్చినా ఆకు బ్యారన్‌లోకి ఎక్కితేనే మాకు అన్నం.

మధ్యాహ్నం మూడు దాటింది. పొయ్యిలో కట్టె సర్ది చిన్న కిటికీలోంచి ధర్మామీటరు చూస్తున్నాను. తిరుపాలమ్మ చెట్టు కింద కూర్చుని కర్రలకి తాళ్ళు విప్పుతోంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"ఏమయ్యా, వాసన మారింది," అంది.

ఎండే ఆకు వాసన తియ్యగా ఉంటుంది. కాలే ఆకు వాసన గొంతులో పడుద్ది. నేను కిటికీలోంచి మళ్ళీ చూశాను. అడుగున మూలలో, చిరుగున్న చోట, అరచేతంత ఎర్రగా ఏదో ఊపిరి పీలుస్తోంది. అంత చిన్నదిగా ఉన్నప్పుడు దాన్ని చూస్తే ఎవరికీ భయం వెయ్యదు. దీపం లాగుంది. చూస్తుండగానే అది పైకర్ర ఆకు కొసని పట్టుకుంది, అక్కణ్ణించి దాని పైకర్రని. నిచ్చెన మనమే కట్టిపెట్టాం గదా, అది ఎక్కుతూ పోయింది.

తొట్టిలో ఉన్న నీళ్ళన్నీ తలుపు తీసి కొట్టాం. తలుపు తియ్యటంతో గాలి దొరికి అది ఇంకా లేచింది. బోరు మోటారు వేద్దామంటే పొలాల కరెంటు మాకు పొద్దున్నే ఇచ్చి తీసేస్తారు. ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాను.

"ఏ ఊరు?"

"వేములబండ."

కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "వేములబండ మా జాబితాలో లేదు పెద్దాయనా. నిప్పు లేని ఊరికి బండెందుకు, డీజిలు దండగని కిందటి నెల తీసేశారు."

"ఇప్పుడు నిప్పుందయ్యా."

"అయితే మీ ఊళ్ళో నిప్పుందని మీ మండలాభివృద్ధి అధికారి చేత రాయించి పంపు. చేరుస్తాం."

మండలాభివృద్ధి అధికారి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. అప్పుడాయన మా బ్యారన్‌కి నూరు గజాల్లో రోడ్డు మీదే ఉన్నాడు. మార్చి ముగిసేలోపల రెండొందల వేపమొక్కలు నాటాలని ఇంకో పథకం ఉంది. నడి ఎండల్లో మొక్కలు, వాటికి ఒక నీళ్ళ ట్యాంకర్. లారీ మొక్కల్ని రోడ్డు వార దించేసి పోయింది. ట్యాంకర్ నిండా అయిదు వేల లీటర్ల నీళ్ళు. దాని డ్రైవరు మస్తాన్ మావాడే, మా వీధివాడే.

ఊరు పోగయింది. బిందెలు తెచ్చినవాళ్ళున్నారు. తెచ్చినవాళ్ళు కూడా దూరంగా నిలబడ్డారు. ఎవరు నీళ్ళు పోస్తే వాళ్ళు ప్రమాదానికి సాక్షులు. షీల్డుకి ఇంకా నాలుగు రోజులుంది.

చెంచురామయ్య మామ నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ఒరే మాలకొండయ్యా, మూడొందల అరవై రోజులు ఓపిక పట్టింది గదరా నీ బ్యారను. ఇంకో నాలుగు రోజులాగి అంటుకోకూడదా?"

"చెప్పి చూడు మామా. నా మాట వినట్లా."

సుదర్శనరావు వచ్చాడు. వెనకాల గుమస్తా, చంకలో పసుపుపచ్చ ఫారాల కట్ట. అప్పటికి కప్పు రేకుల సందుల్లోంచి మంట బయటికి నాలుక చాపుతోంది.

"ఏం మాలకొండయ్యా, ఆకు క్యూరింగ్ సాగుతోందా?" అన్నాడు.

"సాగట్లేదు సార్. తగలబడతా ఉంది."

"ఆ మాట వాడొద్దు. నీ బ్యారన్‌లో మంటకి అనుమతి ఉందా, లేదా?"

"ఉంది సార్."

"ఎంత?"

"పొయ్యిలో రెండడుగులు."

ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. "ఇప్పుడెంత ఉంటుంది?"

నేనూ చూశాను. "పదిహేను ఉండుద్ది."

"అయితే నిప్పు ఉండవలసిన చోటే ఉంది. పరిమాణంలో మాత్రం తేడా వచ్చింది. అదనంగా పదమూడడుగులకి దరఖాస్తు పెట్టుకో."

"ముందు ఆ ట్యాంకర్ పంపించండి సార్, తరవాత ఎన్నయినా పెట్టుకుంటా."

ఆయన జాలిగా చూశాడు. పిల్లాడికి లెక్క చెప్పే పంతులులాగా చెప్పాడు. "అనుమతి లేని మంట మీద నీళ్ళు పోస్తే అది ప్రమాద నివారణ చర్య. చర్య ఉన్నదంటే ప్రమాదం ఉన్నట్టే గదా. అదే అనుమతి ఉన్న మంట పక్కన నీళ్ళు పెట్టుకుంటే అది ముందుజాగ్రత్త. నువ్వు సంతకం పెట్టు, ట్యాంకర్ నీ గుమ్మంలో ఉంటుంది."

పెట్టాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా కుడిచేతిని ఎడమచేత్తో కొట్టాలనిపిస్తుంది. కానీ లోపల ఏడొందల ఇరవై కర్రలు కాలుతుంటే ఎవడు మాత్రం ఆలోచిస్తాడు?

గుమస్తా 'పదిహేను అడుగులు' అని రాసేలోపల అది పద్దెనిమిది అయింది.

"పెరిగింది సార్," అన్నాడు గుమస్తా.

"కొట్టివేతలు ఉండకూడదు. కొత్త ఫారం తీయ్."

పద్దెనిమిది రాశాడు. ఒక రేకు ఎగిరి పడింది. ఇరవై ఒకటి. మళ్ళీ కొత్త ఫారం. మంట ముందు, ఫారాలు వెనక, అలా అయిదు ఫారాలు పరిగెత్తాయి. అయిదింటికీ సంతకాలు నావే. ఆఖరికి సుదర్శనరావుకి ఆలోచన వచ్చింది. ఆయన బుర్ర చురుకే, కాదనను.

"ఇలా వెనక పడితే లాభం లేదు. భవిష్యత్ అవసరాలు దృష్టిలో పెట్టుకోవాలి. ముప్పై అడుగులు రాసెయ్."

ముప్పై అడుగులకి అనుమతి వచ్చింది. గుమస్తా ముద్ర వేసి, ఊది ఆరబెట్టాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంక తొందరేం లేదు. మంటకి ఇంకా ఏడెనిమిది అడుగుల జాగా ఉంది.

"మరి ముప్పై దాకా పెరిగి తీరాల్నా అయ్యా?" అడిగాడు చెంచురామయ్య మామ.

"హక్కు మాత్రమే. నిర్బంధం లేదు," అన్నాడు సుదర్శనరావు.

మాట ప్రకారం ట్యాంకర్ వచ్చింది. మా బ్యారన్ గుమ్మం ముందు ఆగింది. పైపు పట్టుకుని మస్తాన్ దిగాడు. దిగి, నిలబడ్డాడు.

"కొట్టరా," అన్నాను.

"అన్నా, నా లాగ్‌బుక్‌లో మొక్కలకి అని ఉంది. బ్యారన్ మీద కొడితే అయిదు వేల లీటర్లు నా జీతంలో కోస్తారు. పోయిన నెల కంకర మీద పోసినందుకే కోశారు."

సుదర్శనరావుని చూశాను. "నీళ్ళు పక్కన పెట్టుకోమన్నాను గానీ, పోయమనలేదు గదా. ట్యాంకర్ హరిత పద్దుది. హరిత పద్దు నీళ్ళు హరితానికే," అన్నాడాయన.

అప్పుడు తిరుపాలమ్మ లేచింది. కొంగు నడుముకి చుట్టుకుని, రోడ్డు వార పడి ఉన్న మొక్కల దగ్గరికి పోయి, సంచులతో సహా రెండు వేపమొక్కల్ని చంకల్లో పెట్టుకొచ్చి, బ్యారన్ గోడ మొదట్లో పార పెట్టి గుంట తీసింది.

"ఒరే మస్తానూ, ఇది మొక్కేనా?"

"మొక్కే అక్కా."

"నీళ్ళు పొయ్యి మరి."

ఊరికి అప్పటికి అర్థమైంది. నీళ్ళు పోస్తే సాక్ష్యం గానీ మొక్క నాటితే పుణ్యం. అందరూ కదిలారు. పలుగులు, పారలు, చివరికి బిందెలతో కూడా మట్టి తవ్వారు. మండుతున్న బ్యారన్ చుట్టూ మొక్కలు నాటటం ఎక్కడన్నా చూశారా? మేం నాటాం. గోడల చుట్టూ, దొడ్డంతా, నలభై ఆరు మొక్కలు. సుదర్శనరావు మొహం వెలిగిపోయింది. మంట వెలుగు కూడా కొంత ఉందనుకోండి. "ప్రజల్లో ఇంతటి స్వచ్ఛంద స్పందన నా సర్వీసులో చూడలేదు," అని గుమస్తా చేత ప్రతి మొక్కకీ ఫోన్‌తో ఫోటో తీయించి, ఎక్కడున్నదీ పైకి పంపించాడు.

మస్తాన్ పైపు విప్పాడు. నీళ్ళు వచ్చాయి. మొక్కల మొదళ్ళలో పోస్తూ పోయాడు.

"పైకెత్తు," అన్నాను. "గోడ మీదికెత్తరా."

"ఆకుల మీద పోస్తే లెక్కలోకి రాదన్నా. మొదట్లోనే పొయ్యాల. ఫోటో తీస్తన్నారు."

"పెద్ద మొక్కనుకోరా. కప్పుదాకా పెరిగిన మొక్కనుకో."

వాడు నిజంగా ఒక్కసారి పైకెత్తాడు. నేను అబద్ధం చెప్పను. చెయ్యి జారినట్టు ఎత్తి ఒక్క చిమ్ము చిమ్మాడు. బుస్సుమని ఆవిరి లేచింది. గుమస్తా తలతిప్పి చూశాడు. వాడు పైపు దించేశాడు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు. నేను వాణ్ణి ఏమీ అనను.

అయిదు వేల లీటర్లూ బ్యారన్ చుట్టూ ఇంకాయి. లోపల దూలాలు విరిగి కర్రలు కర్రలుగా కింద పడుతున్న చప్పుడు. ఆ చప్పుడుకి తిరుపాలమ్మ ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నట్టు తలాడించింది. కప్పు కూలినప్పుడు నిప్పురవ్వలు గుంపుగా లేచి, గాలివాటున చెంచురామయ్య మామ గడ్డివామి మీద వాలాయి.

మామ నాలుగు రోజుల సంగతి మర్చిపోయాడు. "నీళ్ళు, నీళ్ళు తెండ్రా, నా వామిరా," అని పంచె ఎగగట్టి పరిగెత్తాడు. ఎవరూ కదల్లేదు. ట్యాంకర్‌లో చుక్క లేదు. సుదర్శనరావు ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"కంగారు పడకండి. ఇది కొత్త మంట కాదు. మాలకొండయ్య మంటే మీ స్థలంలోకి వచ్చింది. దీన్ని మంట బదిలీగా చూపవచ్చు. ఆయన ఇచ్చినట్టు, మీరు పుచ్చుకున్నట్టు సంతకాలు చేస్తే సరి."

"నాకొద్దయ్యా వాడి మంట."

"వద్దంటే ఎలా? మీ దగ్గరుంది గదా."

మామ నావైపు చూశాడు. "ఒరే, నీ మంట నువ్వు తీసుకోరా."

"నాదయిపోవొచ్చింది మామా. ఇప్పుడున్నదంతా నీదే," అన్నాను. ఆ రోజు మొత్తంలో నాకు కాస్త హాయిగా అనిపించింది ఆ ఒక్క నిమిషమే.

మామా నేనూ సంతకాలు పెట్టాం. గడ్డి గదా, పావుగంటలో అయిపోయింది.

నిప్పుకి చావు ఎలా వస్తుందో కూడా ఆ రోజే దగ్గరుండి చూశాను. దాన్ని ఎవరూ చంపనక్కర్లేదు. తినటానికి ఏమీ మిగలకపోతే అదే పోతుంది. ముందు ఎత్తు తగ్గింది, తరవాత రంగు తగ్గింది. గోడల మధ్య ఎర్రగా ఒక కుప్ప మిగిలింది. కాసేపటికి దాని మీద బూడిద పొర కట్టింది. గాలి వీస్తే కింద నుంచి ఒకసారి కన్ను తెరిచి చూసేది, మళ్ళీ మూసుకునేది. సాయంత్రం అయిదు నలభైకి అది కూడా మానేసింది.

గుమస్తా గడియారం చూసి ముగింపు దశ గడిలో రాశాడు: 'స్వయంగా శాంతించెను.'

సుదర్శనరావు కాగితం పైకెత్తి అందరికీ చూపించాడు. "అనుమతి ముప్పై అడుగులు. గరిష్ఠంగా లేచినది ఇరవై ఎనిమిది. పరిమితికి లోబడి పుట్టి, పరిమితికి లోబడి పెరిగి, సమయానికి ముగిసింది. ఇంతటి క్రమశిక్షణ గల మంటను నేను ఈ మండలంలో చూడలేదు."

ఎవరో చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున బోర్డు మీద మూడొందల అరవై రెండు.

అయిదో రోజు షీల్డు వచ్చింది. బడి దగ్గర పందిరి వేశారు. వేదిక మీద నాకు శాలువా కప్పారు, జిల్లాలోకెల్లా పెద్ద మంటని ఏ ప్రమాదమూ లేకుండా నిర్వహించిన ఆదర్శ రైతునని. నేను వద్దంటే తిరుపాలమ్మే పొమ్మంది. "పో, శాలువా అన్నా వస్తది. చలికాలం కప్పుకోవచ్చు," అంది. ఆ శాలువాకి కూడా వెనక లేబుల్ ఉంది. నిప్పుకి దూరంగా ఉంచవలెను అని.

తరవాత బీమా ఆఫీసుకి పోయాను. బ్యారన్‌కి బీమా ఉంది, ఏటా కడుతూనే ఉన్నా. అక్కడి ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని ఆరు ఫారాలూ, బదిలీ కాగితమూ వరసగా బల్ల మీద పరిచాడు.

"నీ బ్యారన్‌లో పదిహేనడుగుల మంటకి అనుమతి అడిగావు. చాల్లేదని పద్దెనిమిది అడిగావు. అలా పెంచుకుంటూ ముప్పై దాకా అడిగావు. మిగిలింది పక్కాయనకి బదిలీ చేశావు. అన్నిటి మీదా సంతకం నీదేనా?"

"నాదే."

"తన బ్యారన్‌కి తనే ముప్పై అడుగుల మంట కోరుకున్నవాడికి బీమా ఎలా ఇస్తామయ్యా? సంతోషించు, కేసు పెట్టట్లేదు."

"అంటుకున్నాక అడిగాను సార్."

"అంటుకున్నాక అనుమతి ఎవరన్నా అడుగుతారా?"

"మా ఊళ్ళో అందరం అడుగుతాం."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అగ్నిప్రమాదం జరిగిందని మీ అధికారి చేత ఒక్క ముక్క రాయించుకురా, చూద్దాం అన్నాడు. సుదర్శనరావు రాసిచ్చాడు. చేతిరాత ముత్యాల్లాగుంటుంది. 'వేములబండ గ్రామమునందు గత మూడు వందల అరవై అయిదు దినములలో ఎట్టి అగ్నిప్రమాదమూ సంభవించి యుండలేదని ధ్రువీకరించడమైనది.' రూపాయి కూడా తీసుకోకుండా ఇచ్చాడు. బయటిదాకా వచ్చి సాగనంపాడు.

సరే, పోయింది పోయింది, గోడలున్నాయి గదా, అప్పో సప్పో చేసి కప్పేసుకుందామనుకున్నాం. మేస్త్రీని తీసుకెళ్ళి కొలతలు పట్టిస్తున్నాను. గుమస్తా సైకిల్ మీద వచ్చాడు.

"ఇక్కడ తవ్వకూడదు."

"ఏం? నా దొడ్డి."

"నీ దొడ్డే. కానీ మొక్కలు ప్రభుత్వానివి. నలభై ఆరు మొక్కలూ ఎక్కడున్నాయో ఫోటోలతో సహా పైకి ఎక్కాయి. ఒక్కటి కదిలినా కేసవుద్ది. ఈ స్థలం పేరు ఇప్పుడు హరిత వనం."

పరిగెత్తుకుంటూ సుదర్శనరావు దగ్గరికి పోయాను. ఆయన ఫైలు చూపించాడు. అందులో తిరుపాలమ్మ ఫోటో ఉంది, రెండు చంకల్లో రెండు మొక్కలతో, వెనకాల ఎర్రగా. ఫోటో కింద 'స్వచ్ఛందంగా తమ స్థలమును హరిత వనమునకు సమర్పించిన దంపతులు' అని రాసుంది.

"సూర్యాస్తమయం చాలా బాగా పడింది," అన్నాడాయన ఫోటో చూస్తూ.

"అది మా బ్యారన్ సార్."

"కావచ్చు," అన్నాడు.

బ్యారన్ కట్టటానికి జాగా లేకపోతే పొగాకు లైసెన్సు ఉండదు. రెండు నెలలకి అదీ పోయింది. ఇప్పుడు నేను చెంచురామయ్య మామ బ్యారన్‌లో రోజు కూలికి పొయ్యి ఎగదోస్తున్నాను. రెండడుగుల దాకా అనుమతి ఉంది. సిమెంటు రోడ్డు పడింది. మా ఇంటి ముందు నుంచే పోతుంది, ఆ మాట తప్పలేదు. దాని మీద రోజూ సాయంత్రం మస్తాన్ ట్యాంకర్ తోలుకొచ్చి మొక్కలకి నీళ్ళు పోసిపోతాడు. అన్నీ బతికాయి, ఒక్కటి కూడా ఎండలేదు. బూడిద ఎరువు గదా. తిరుపాలమ్మ ఆ దారిన పోదు. అటు పనిబడితే చుట్టూ తిరిగి పోతుంది.

మొన్న మండలాఫీసులో గోడ మీద అతికించిన హరిత వనం భూముల జాబితాలో మా పేర్లున్నాయని చెబితే పోయి చదువుకున్నాను. ఏడో తరగతి సగం చదువుకి అది బాగానే అర్థమైంది. సర్వే నంబరు రెండొందల పద్నాలుగు బై రెండు, మా దొడ్డిది. మొక్కలున్నది పన్నెండు సెంట్లు. ట్యాంకర్ తిరగటానికి ఆరున్నర సెంట్లు. మొత్తం పద్దెనిమిదిన్నర సెంట్లు.